మెదడులో అడుగుజాడలు

పాఠ్యపరిచయం: కంటికి కనిపించని వైరస్‌లు మానవుని మెదడుకు చేసే హానిని తల తెరవకుండానే తెలిసికొనే మార్గాలను వివరించే వైజ్ఞానిక వ్యాసమిది. యంత్రం తీసిన చిత్రాన్ని చూడడం వేరు, చదవడం వేరు అనే సంగతిని ఈ పాఠం తెలుపుతుంది.

మూసిన గది

మానవ శరీరంలో మెదడుకు ఉన్నంత కాపుదల మరే అవయవానికీ లేదు. పైన గట్టి కపాలం, దాని లోపల మూడు పొరలు, ఆ పొరల నడుమ నీటివంటి ద్రవం. ఇన్నింటి మధ్య దాదాపు ఒక కిలో మూడు నాలుగు వందల గ్రాముల బరువుండే మెదడు భద్రంగా ఉంటుంది. దెబ్బ తగలకుండా ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు మనిషికి మేలు చేసింది. కాని వైద్యునికి మాత్రం అది అడ్డుగోడ అయింది. గుండె చప్పుడు వినవచ్చు. కడుపు తడిమి చూడవచ్చు. నాలుక రంగు పరిశీలించవచ్చు. మెదడును వినడానికి లేదు, తాకడానికి లేదు, చూడడానికి అంతకంటే లేదు.

వానలు పడి వరిపొలాలు నీటితో నిండిన రోజులలో ఒక బిడ్డకు జ్వరం వస్తుంది. రెండు రోజులకు తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఆపైన మూర్ఛ వస్తుంది. బిడ్డ కన్నతల్లిని కూడా గుర్తుపట్టదు. దీనినే జనం మెదడువాపు జ్వరం అంటారు. దీనికి కారణమైన సూక్ష్మక్రిములు ఒకటి రెండు కాదు, ఎన్నో ఉన్నాయి. పైకి కనిపించే లక్షణాలు మాత్రం ఇంచుమించు ఒకటే. లోపల మెదడులో ఏ భాగం దెబ్బతిన్నది, ఎంత దెబ్బతిన్నది అనే ప్రశ్నలకు పూర్వం రోగి మరణించిన తరువాతనే జవాబు దొరికేది. ఆ జవాబు మరుసటి రోగికి పనికివచ్చేదేగాని, ఆ రోగికి పనికివచ్చేది కాదు.

బతికి ఉన్న మనిషి మెదడును, తల తెరవకుండా, నొప్పి కలిగించకుండా చూడడం ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు ఎనభై సంవత్సరాలు పట్టింది.

తల తెరవకుండా చూడడం

1895లో జర్మనీ దేశీయుడైన రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఆ కిరణాలతో ఎముకలు స్పష్టంగా కనిపించాయి. కాని తలకు ఫోటో తీస్తే కపాలం కనిపించిందేగాని లోపలి మెదడు కనిపించలేదు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ ఒక ఉపాయం చేశాడు. మెదడు చుట్టూ ఉన్న ద్రవాన్ని కొంత తీసి, ఆ చోటులోకి గాలి పంపి, అప్పుడు ఎక్స్‌రే తీశాడు. గాలి నిండిన ఖాళీల ఆకారం కనిపించింది. దానినిబట్టి మెదడు ఎటు ఒరిగిందో, ఎక్కడ ఉబ్బిందో ఊహించేవారు. కాని రోగి భరించలేని తలనొప్పితో, వాంతులతో బాధపడేవాడు.

ఆ బాధ తప్పించిన వాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు ఇంజనీరు. ఒక వైపు నుండి తీసిన ఎక్స్‌రేలో ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిపై ఒకటి పడి కలిసిపోతాయి. అదే తల చుట్టూ అనేక కోణాల నుండి కిరణాలు పంపి, ఆ లెక్కలన్నీ కంప్యూటరుకు అప్పగిస్తే, దోసకాయను చక్రాలుగా కోసినట్లు మెదడును పొరలు పొరలుగా చూడవచ్చునని ఆయన నిరూపించాడు. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని ఆట్కిన్సన్ మోర్లీ వైద్యాలయంలో మొట్టమొదటిసారిగా ఒక రోగి మెదడును ఈ పద్ధతిలో చూశారు. ఇదే నేడు అందరికీ తెలిసిన సి.టి. స్కాన్. ఈ పరిశోధనకు హౌన్స్‌ఫీల్డ్‌కు, దీని గణితాన్ని అంతకుముందే విడిగా సాధించిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

సి.టి. స్కాన్ రక్తస్రావాన్ని, పెద్ద గడ్డలను బాగా పట్టుకొంటుంది. కాని వైరస్ సోకిన తొలి రోజులలో మెదడు కణజాలంలో వచ్చే సన్నని మార్పు దానికి తరచు అందదు. అందుకు మరొక మార్గం కావలసివచ్చింది.

నీరు చెప్పే కబురు

1973లో పాల్ లాటర్‌బర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక చిత్రాన్ని ప్రచురించాడు. అందులో ఉన్నది మెదడు కాదు, చేయి కాదు. నీరు నింపిన రెండు సన్నని గొట్టాలు మాత్రమే. ఆ చిత్రం ఎక్స్ కిరణాలతో తీసింది కాదు. అయస్కాంతంతోను, రేడియో తరంగాలతోను తీసింది. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని వేగవంతం చేశాడు. వీరిద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతినే అయస్కాంత అనునాద చిత్రణ అంటారు. ఎం.ఆర్.ఐ. అనే పేరుతో ప్రజలకు పరిచయమైనది ఇదే.

మన శరీరంలో మూడింట రెండు వంతుల దాకా నీరే. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకం ఒక్కొక్కటి అతి చిన్న అయస్కాంతంవలె ప్రవర్తిస్తుంది. మామూలుగా ఇవి చెదరి తలొక దిక్కుకు తిరిగి ఉంటాయి. ఎం.ఆర్.ఐ. యంత్రంలోని అయస్కాంత శక్తి భూమి అయస్కాంత శక్తికి దాదాపు ముప్పైవేల రెట్లు. దాని మధ్యకు మనిషిని పంపినప్పుడు ఆ కేంద్రకాలలో కొన్ని ఒకే దిశకు మొగ్గుతాయి. అప్పుడు రేడియో తరంగాన్ని పంపితే అవి పక్కకు ఒరుగుతాయి. తరంగం ఆపగానే తిరిగి యథాస్థానానికి వస్తూ తాము కూడా సన్నని సంకేతాన్ని వెలువరిస్తాయి. ఆ సంకేతాలను పట్టి కంప్యూటరు చిత్రం గీస్తుంది. రోగి చేయవలసిందల్లా కదలకుండా పడుకోవడమే. టకటకమని పెద్ద చప్పుడు వినిపిస్తుంది గాని నొప్పి ఉండదు. ఎక్స్ కిరణాల ప్రసక్తి లేదు. అయితే ఇనుప వస్తువులేవీ ఆ గదిలోకి తీసికొని పోరాదు.

వైరస్ అతి చిన్నది. ఈ యంత్రానికి వైరస్ కనిపించదు. మరి కనిపించేదేమిటి? వైరస్ సోకినచోట కణాలు దెబ్బతిని వాస్తాయి. వాపు అంటే ఆ చోట నీరు ఎక్కువ కావడం. నీటి సంకేతాన్ని పట్టే యంత్రానికి ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. దొంగ కనిపించడు, కాని తడినేలపై వాని అడుగుజాడ కనిపిస్తుంది. వైద్యుడు చదవవలసింది ఆ జాడనే.

ఒక సంగీతవేత్త కథ

క్లైవ్ వేరింగ్ ఇంగ్లండులో పేరుపొందిన సంగీతవేత్త. పియానో వాయించేవాడు. బృందగానాలకు నాయకత్వం వహించేవాడు. 1985 మార్చి నెలలో ఆయనకు తలనొప్పి, జ్వరం వచ్చాయి. దానికి కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. పెదవి అంచున నీటిపొక్కులు లేపే సామాన్యమైన వైరస్ అది. ప్రపంచంలో ఎందరి శరీరాలలోనో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. ఎప్పుడో అరుదుగా మెదడులోకి ప్రవేశిస్తుంది. అప్పుడు దానంత భయంకరమైనది మరొకటి ఉండదు.

వేరింగ్ బతికాడు. కాని ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలిచే శక్తి పోయింది. అర నిమిషం క్రితం జరిగినది కూడా గుర్తుండేది కాదు. భార్య పక్కగదిలోకి వెళ్ళి వస్తే, ఎన్నో ఏళ్ళ తరువాత వచ్చినట్లు ఆనందంతో ఎదురువెళ్ళేవాడు. తాను ఇప్పుడే మొదటిసారి నిద్రలేచానని దినచర్య పుస్తకంలో వ్రాసేవాడు. కొద్దిసేపటికి దానిని కొట్టివేసి మళ్ళీ అదే మాట వ్రాసేవాడు. అయినా పియానో ముందు కూర్చుంటే వేళ్ళు తప్పటడుగు వేయలేదు. భార్యపై ప్రేమ చెక్కుచెదరలేదు.

ఇది ఎట్లా సాధ్యం? తరువాత తీసిన మెదడు చిత్రాలు ఆ ముడి విప్పాయి. కణతల లోపలివైపు, రెండు పక్కలా, హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. జరిగిన సంగతులను జ్ఞాపకంగా నిలిపేది అదే. వేరింగ్ మెదడులో ఆ భాగాన్ని వైరస్ రెండు వైపులా నాశనం చేసింది. చేతివేళ్ళకు అలవడిన విద్యను నిలిపి ఉంచేది వేరే భాగం. అది మిగిలింది. అందుకే సంగీతం మిగిలింది.

హెర్పిస్ వైరస్‌కు కణతల లోపలి భాగమంటే ప్రత్యేకమైన మక్కువ. ఈ సంగతి తెలియడం వల్ల వైద్యానికి మహోపకారం జరిగింది. చికిత్స లేకపోతే ఈ వ్యాధి సోకినవారిలో నూటికి డెబ్బైమంది మరణిస్తారు. 1980లలో వచ్చిన ఎసైక్లోవిర్ అనే మందు ఆ మరణాలను బాగా తగ్గించింది. అయితే అది ఎంత త్వరగా రక్తంలోకి ఎక్కితే అంత మేలు. జ్వరం, మూర్ఛతో వచ్చిన రోగి ఎం.ఆర్.ఐ. చిత్రంలో కణతల లోపలి భాగం మెరిసిందంటే వైద్యులు మరి దేనికోసమూ ఆగరు. అనుమానం రాగానే మందు మొదలుపెట్టి, ఆ తరువాతనే వెన్నుద్రవ పరీక్ష ఫలితం కోసం చూస్తారు.

ఒకే జ్వరం, రెండు జాడలు

తూర్పు, దక్షిణ ఆసియా దేశాలలో పిల్లలను ఎక్కువగా బలిగొన్న మెదడువాపు వ్యాధి వేరొకటి. 1924లో జపానులో ఆరువేల మందికి పైగా సోకినందువల్ల దీనికి జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనే పేరు నిలిచింది. మనదేశంలో మనుషులకు సోకినట్లు తొలిసారిగా 1955లో వేలూరు ప్రాంతంలో గుర్తించారు. వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ జాతి దోమలు దీనిని మోస్తాయి. కొంగలు, పందులు ఈ వైరస్‌కు ఆశ్రయమిస్తాయి. దోమ కాటుతో అది మనిషికి సోకుతుంది. సోకిన వారిలో అత్యధికులకు ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రమే మెదడు వాస్తుంది. అట్లా వాచినవారిలో నూటికి ముప్పైమంది దాకా చనిపోతారు. బతికినవారిలో ఎందరికో చేయి బిగుసుకొని పోవడం, మాట తడబడడం, చదువులో వెనుకబడడం వంటి లోపాలు మిగులుతాయి.

ఈ వైరస్ జాడ మెదడు నడిమధ్యన ఉంటుంది. అక్కడ జంటగుడ్లవలె థాలమస్ అనే భాగం ఉంది. కన్ను, చెవి, చర్మం పంపే కబురులను మెదడు పైపొరకు అందించే కూడలి అది. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ సోకినవారి చిత్రంలో సాధారణంగా రెండు వైపులా థాలమస్ మెరుస్తుంది. కదలికలను అదుపులో ఉంచే భాగాలు కూడా కొందరిలో దెబ్బతింటాయి. అందువల్లనే కోలుకొన్న పిల్లలలో కొందరికి ముఖంలో భావం పలకదు, చేతులు వణకుతాయి. లక్షణానికి కారణం చిత్రంలో దొరికింది.

1998 సెప్టెంబరులో మలేషియాలో పందులు పెంచేవారికి ఇటువంటి జ్వరమే వచ్చింది. ప్రభుత్వం దీనిని జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనుకొన్నది. దోమల మందు చల్లించింది. టీకాలు వేయించింది. అయినా వ్యాధి ఆగలేదు. కొన్ని సంగతులు లెక్కకు రాలేదు. పిల్లలకంటే పెద్దలే ఎక్కువగా జబ్బుపడ్డారు. టీకా వేయించుకొన్నవారికి కూడా వచ్చింది. అది సోకినవారు ఎక్కువగా పందులను తాకి పనిచేసేవారే. 1999 మార్చిలో చువా కావ్ బింగ్ అనే పరిశోధకుడు ఒక రోగి వెన్నుద్రవం నుండి సరికొత్త వైరస్‌ను వేరుచేశాడు. ఆ రోగి ఊరి పేరు సుంగై నిపా. అందుచేత దానికి నిపా వైరస్ అని పేరు పెట్టారు. 265 మందికి జబ్బు చేయగా 105 మంది మరణించారు. పదిలక్షలకు పైగా పందులను చంపివేయవలసివచ్చింది. ఈ వైరస్‌కు మూలస్థానం పండ్లు తినే గబ్బిలాలని తరువాత తెలిసింది. 2018లో కేరళలోని కోళిక్కోడ్‌లో ప్రాణాలు తీసింది కూడా ఇదే.

ఆ రోగుల మెదడు చిత్రాలను పరిశీలించినప్పుడు తేడా కొట్టవచ్చినట్లు కనిపించింది. థాలమస్‌లో పెద్ద మచ్చలకు బదులు, మెదడులోని తెల్లని పదార్థంలో అక్కడక్కడ చిన్న చిన్న చుక్కలు ఉన్నాయి. ఆవగింజంత మొదలు బఠాణీ గింజంత వరకు వాటి పరిమాణం. నిపా వైరస్ సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. రక్తం అందని చోటల్లా ఒక చుక్క పడుతుంది. జ్వరం ఒకటే, జాడలు రెండు. పైకి ఒకటిగా కనిపించిన వ్యాధులు లోపల వేరువేరని చిత్రం కూడా సాక్ష్యమిచ్చింది.

అయితే చిత్రం సాక్షియేగాని న్యాయాధిపతి కాదు. థాలమస్‌లో మచ్చలు కలిగించే వ్యాధులు వేరే కూడా ఉన్నాయి. వైరస్ పేరు తేల్చి చెప్పేది వెన్నుద్రవ పరీక్ష, రక్తపరీక్షలే. జాడ చూసి అనుమానించడం, పరీక్షచేసి నిర్ధారించడం — ఈ రెండూ కలిస్తేనే వైద్యం సరైన దారిలో సాగుతుంది.

ముందు చిత్రం, తరువాతి చిత్రం

ఇంతవరకు చెప్పిన జాడలు కంటికి స్పష్టంగా కనిపించేవి. కంటికి అందనంత స్వల్పమైన మార్పు జరిగితే దానిని తెలిసికొనడం ఎట్లా? 2020లో కోవిడ్ వ్యాధి ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఈ ప్రశ్న ముందుకు వచ్చింది. వ్యాధి తగ్గిన తరువాత కూడా కొందరికి వాసన తెలియలేదు. కొందరికి మతిమరుపు వచ్చింది. అది నిజంగా మెదడులో మార్పా? లేక భయం వల్ల, బలహీనత వల్ల కలిగిన భ్రమా?

కోవిడ్ వచ్చిన వ్యక్తి మెదడుకు చిత్రం తీసి, ఫలానా భాగం సన్నగా ఉన్నదని చెప్పడం తేలికే. కాని వ్యాధి రాకముందు అది ఎంత మందంగా ఉండేదో ఎవరికి తెలుసు? మనుషుల ముఖాలవలెనే మెదళ్ళు కూడా తలొక తీరుగా ఉంటాయి. వయసుతోపాటు అందరి మెదడూ కొద్దికొద్దిగా తగ్గుతుంది. ముందు ఎత్తు కొలవకుండా బిడ్డ ఎంత పెరిగిందో చెప్పలేనట్లే, ముందు చిత్రం లేకుండా మెదడు ఎంత తగ్గిందో చెప్పలేము.

అదృష్టవశాత్తు ఇంగ్లండులో అటువంటి ముందు చిత్రాలు సిద్ధంగా ఉన్నాయి. యు.కె. బయోబ్యాంక్ అనే సంస్థ 2006 నుండి 2010 వరకు అయిదు లక్షలమంది స్వచ్ఛంద సేవకుల ఆరోగ్య వివరాలు సేకరించింది. 2014 నుండి వారిలో అనేకులకు ఎం.ఆర్.ఐ. చిత్రాలు తీయడం మొదలుపెట్టింది. అప్పటికి కోవిడ్ అనే మాటే లేదు. ఆ చిత్రాలు ఎందుకు ఉపయోగపడతాయో తీసినవారికీ తెలియదు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీరిలో 785 మందిని రెండవసారి పిలిపించారు. వారందరూ 51 నుండి 81 సంవత్సరాల వయసువారు. రెండు చిత్రాల మధ్య సగటున మూడేళ్ళకు పైగా గడిచింది. ఆ మధ్యకాలంలో 401 మందికి కోవిడ్ వచ్చింది, 384 మందికి రాలేదు. వయసులోను, ఇతర విషయాలలోను రెండు జట్లూ సమానంగా ఉండేటట్లు ఎంచుకొన్నారు. కోవిడ్ రాని జట్టును ఎందుకు పిలిచారు? వయసు వల్ల జరిగే తగ్గుదల ఎంతో తెలియడానికి. అది తీసివేయగా మిగిలేదే వ్యాధితో ముడిపడిన మార్పు.

ఫలితాలు 2022 మార్చిలో వెలువడ్డాయి. రెండు జట్లలోనూ మెదడు కొంత తగ్గింది. కాని కోవిడ్ వచ్చిన జట్టులో వాసనకు, జ్ఞాపకానికి సంబంధించిన కొన్ని భాగాలు ఇంకొంచెం ఎక్కువ తగ్గాయి. ఆ ఎక్కువ ఎంత? భాగాన్నిబట్టి నూటికి 0.2 నుండి 2 వంతుల వరకు. ఒకరి చిత్రాన్ని చూసి ఏ వైద్యుడూ కనిపెట్టలేనంత స్వల్పమైనది. వందలమంది లెక్కలు కలిపి చూసినందువల్లనే బయటపడింది. వీరిలో ఎక్కువమందికి వ్యాధి స్వల్పంగానే వచ్చింది. వైద్యాలయంలో చేరినవారు పదిహేనుమందే. వారిని వదలి లెక్క వేసినా ఫలితం నిలిచింది.

ఈ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్మాలి. ఇది సగటు. కోవిడ్ వచ్చిన ప్రతివారి మెదడూ తగ్గిందని దీని అర్థం కాదు. ఇందులో పిల్లలు లేరు, యువకులు లేరు. వైరస్ స్వయంగా మెదడులోకి వెళ్ళిందా, లేక వాసన అందక ఆ భాగానికి పని లేక అది సన్నబడిందా, లేక శరీరంలోని వాపు ప్రభావమా — ఈ సంగతి చిత్రం చెప్పదు. తమ పరిశోధన ఏది చెప్పగలదో, ఏది చెప్పలేదో శాస్త్రజ్ఞులే విడమరచి వ్రాశారు. నిజాయితీగల శాస్త్రానికి అదే లక్షణం.

చిత్రానికి ముందే

ఒక మెరుపు మచ్చ తనంతట తాను ఏమీ చెప్పదు. ఆరోగ్యవంతుని మెదడు పక్కన పెట్టి చూస్తేనే అది మచ్చ అని తెలుస్తుంది. వేరొక వ్యాధి జాడ పక్కన పెట్టి చూస్తేనే అది ఏ వైరస్ పనో అనుమానం కలుగుతుంది. అదే మనిషి పాత చిత్రం పక్కన పెట్టి చూస్తేనే నష్టమెంతో తేలుతుంది. పోల్చి చూడడమే చిత్రాన్ని చదవడం.

అయితే జాడ పడిందంటే హాని అప్పటికే జరిగిందని అర్థం. జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌ను నయంచేసే ప్రత్యేకమైన మందు లేదు. దానిని రాకుండా ఆపే టీకా మాత్రం ఉంది. కర్ణాటకలోని కోలారులో ఒక రోగి నుండి వేరుచేసిన వైరస్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అందించగా, హైదరాబాదులోని ఒక సంస్థ దానినుండి టీకా తయారుచేసింది. 2013లో అది వాడుకలోకి వచ్చింది. ఒక ప్రాంతంలో ఒక మనిషిని మంచాన పడవేసిన వైరస్, మరొక ప్రాంతపు ప్రయోగశాలలో ఎందరో పిల్లలకు రక్ష అయింది. వ్యాధి బెడద ఉన్న జిల్లాలలో చంటిబిడ్డలకు తొమ్మిదవ నెల నిండిన తరువాత ఒకసారి, రెండవ ఏట మరొకసారి ప్రభుత్వం ఉచితంగా టీకా వేయిస్తున్నది.

యంత్రం కోట్ల రూపాయల ఖరీదు. దోమతెర ఖరీదు కొన్ని వందలు. టీకాకు ఖర్చే లేదు. మెదడులో అడుగుజాడలను చదవగలగడం శాస్త్రం సాధించిన విజయం. ఆ అడుగు పడకుండా చూడడం అంతకంటే గొప్ప విజయం.

కఠిన పదాలు — అర్థాలు

కాపుదల = రక్షణ
కపాలం = పుర్రె
అనునాదం = ఒక కంపనానికి మరొకటి తోడై స్పందించడం
కేంద్రకం = పరమాణువు మధ్యభాగం
కణజాలం = ఒకే పనిచేసే కణాల సముదాయం
కూడలి = దారులు కలిసేచోటు
మక్కువ = ఇష్టం
నిర్ధారించడం = నిశ్చయించి చెప్పడం
బెడద = బాధ, పీడ

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. మెదడుకు ప్రకృతి చేసిన కాపుదల వైద్యునికి అడ్డుగోడ ఎట్లా అయింది?
2. లాటర్‌బర్ 1973లో ప్రచురించిన చిత్రంలో ఏమున్నది?
3. వైరస్ సోకినచోటు ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఎందుకు మెరుస్తుంది?
4. నిపా వైరస్‌కు ఆ పేరు ఎట్లా వచ్చింది?

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. క్లైవ్ వేరింగ్ జ్ఞాపకశక్తిని కోల్పోయినా సంగీతాన్ని కోల్పోకపోవడానికి కారణమేమి?
2. మలేషియాలో వచ్చిన జ్వరం జపనీస్ ఎన్‌కెఫలైటిస్ కాదనడానికి గల ఆధారాలను వివరించండి.
3. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కోవిడ్ రానివారికి కూడా రెండవసారి చిత్రాలు తీయడంలోని ఉద్దేశం ఏమి? వారిని పిలవకపోయి ఉంటే ఏ పొరపాటు జరిగేది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. "చిత్రం సాక్షియేగాని న్యాయాధిపతి కాదు."
2. "పోల్చి చూడడమే చిత్రాన్ని చదవడం."

IV. భాషాంశాలు
1. విడదీసి, సంధి పేరు వ్రాయండి: వైద్యాలయం, ప్రత్యేకం, మహోపకారం, కారణమైన.
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి: ప్రయోగశాల, అడుగుజాడలు, సూక్ష్మక్రిమి.
3. సొంతవాక్యాలలో ప్రయోగించండి: చెక్కుచెదరని, కొట్టవచ్చినట్లు, తలొక దిక్కు.

V. చేసి చూడండి
1. మీ రాష్ట్రభాషలో మెదడువాపు వ్యాధిని ఏమంటారో తెలిసికొని, ఆ మాటకు అర్థం తెలుగులో వ్రాయండి.
2. మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, చంటిబిడ్డలకు ఏయే టీకాలు ఏ వయసులో వేస్తారో పట్టికగా వ్రాసి తరగతిలో చదవండి.